దిరిసెన షీటు, వైవా: నా అనుభవం

బీఎస్సీ బోటనీ ప్రాక్టికల్స్ ఈ రోజుతో అయిపోయాయి. గుంటూరులో చదివే జూనియర్లకి పనికొస్తుందని, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

హెర్బేరియం షీటుకి (మొక్క కొమ్మను ఆరబెట్టి అతికించే షీటు) నేను తీసుకున్నది ఆల్బిజియా ప్రజాతి, అంటే దిరిసెన ఉండే గుంపు. అమరావతి రోడ్డు వైపు దిరిసెన కొమ్మ తేలిగ్గానే దొరికింది. ఆరబెట్టేటప్పుడు ఈ చెట్ల పత్రకాలు (ఆకులోని చిన్న రేకులు) రాలిపోతాయి. అందుకని పేపర్లు రోజూ మార్చాలి. రాలినవి పారేయకుండా చిన్న కాగితం పొట్లంలో వేసి షీటుకే అతికించండి.

అసలు నరకం వైవా, అంటే నోటి పరీక్ష. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన సారు (బయటి పరీక్షకుడు) షీటును పైపైన చూసి, "ఇది తుమ్మ జాతే కదమ్మా, ఫోన్‌లో ఫొటో తీస్తే వచ్చిన పేరు రాసుకొచ్చావా?" అన్నారు. బ్యాచ్ అంతా నవ్వింది. ముళ్లు లేవు కదండీ అన్నాను. ముళ్లు లేని తుమ్మలూ ఉంటాయన్నారు. అది నిజమే. "కానీ సార్, అకేసియాలో, అంటే తుమ్మల్లో, కేసరాలు విడివిడిగా ఉంటాయి, దీంట్లో అడుగున కలిసి ఉంటాయి" అన్నాను. "బట్టీ బాగానే కొట్టావు" అని షీటును పక్కకి నెట్టేశారు. పొట్లం ఊడి పత్రకాలన్నీ బల్ల మీద చెదిరిపోయాయి. ఏడుపొచ్చేసింది.

టిఫిన్ డబ్బాలో తడి దూదిలో పెట్టి తెచ్చిన పూలు గుర్తొచ్చాయి. ఒక పువ్వు తీసి సూదితో ఆకర్షణ పత్రాలు చీల్చాను. తెల్లటి పోగుల్లాంటి కేసరాలు, కొసలు లేతాకుపచ్చ. ముప్పైకి పైగా ఉన్న ఆ పోగులన్నీ అడుగున అతుక్కుని సన్నటి గొట్టంలా ఉన్నాయి, దాని మధ్యలోంచి కీలం (అండాశయం మీది సన్నటి కాడ) పైకొచ్చింది. లెన్స్ ఆయన చేతికిచ్చాను. చూశారు. "సరే, నెక్స్ట్" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. పిల్లలు నెలల తరబడి చేసిన పనిని తేల్చేసే ముందు పువ్వును ఒక్క నిమిషం చూడలేరా? ఆ రోజు బ్యాచ్‌లో తాజా పువ్వు విప్పి చూపించింది నేనొక్కదాన్నే, అది గర్వంగానే చెప్పుకుంటాను.

ఇంకో చిక్కు కుటుంబం పేరు. పాత పుస్తకాల్లో మైమోసేసి అనో, ఫాబేసిలో మైమోసాయిడే అనో ఉంటుంది. 2017 వర్గీకరణలో మైమోసాయిడేని సిసాల్పినియాయిడేలో కలిపేశారు. లేబుల్ మీద పాతదీ కొత్తదీ రెండూ రాయండి, ఏ సారు ఏది పట్టుకుంటారో చెప్పలేం.

నిద్రగన్నేరుతో పోల్చమంటే కాయలు చూపించండి. దిరిసెన కాయ పలచగా, గడ్డిరంగులో, గింజలున్నచోట ఉబ్బి ఉంటుంది, ఎండాక ఊపితే గలగలమంటుంది. నిద్రగన్నేరు కాయ మందం, లోపల తియ్యటి గుజ్జు, ఎండినా పగలదు. పూలు మాత్రం పరీక్ష రోజు పొద్దున్నే కోయండి, ముందురోజువి వాడి పసుపురంగుకి తిరుగుతాయి. సూది, లెన్స్ సొంతవే పట్టుకెళ్లండి.