అమ్మమ్మ నోట అలంకారాలు

అమెరికా హైస్కూల్లో మా అమ్మాయికి ఇంగ్లీషు సాహిత్యం క్లాసంటే పెద్ద పదాల జాబితా. సిమిలీ, మెటఫర్, హైపర్‌బోలీ, అనాఫొరా... అన్నిటికీ నిర్వచనాలు గడగడా అప్పచెబుతుంది. తెలియని పద్యం ముందు పెడితే మాత్రం ఏది ఎక్కడుందో పట్టుకోలేక తడబడుతుంది. అలంకారం ముందు చెవిన పడాలి, పేరు తర్వాత రావాలి. చెవిన పడటానికి విజయనగరంలో మా అమ్మ ఇంటిని మించిన చోటు నాకు తెలీదు.

సెలవులకు వెళ్తే గుమ్మంలోనే మొదలు. "ఏటే గుంటా, సూసి సూసి కళ్ళు కాయలు కాసీసాయి!" అతిశయోక్తికి ఇంకో ఉదాహరణ దేనికి?

రాత్రి కరెంటు పోతే డాబా మీద పొడుపుకథలు. "తెల్లని పొలంలో నల్లని విత్తనాలు. చేత్తో సల్లుతాం, నోటితో ఏరుకుంటాం. ఏటది?" మా అమ్మాయి నువ్వులంది, మినుములంది. కాగితమ్మీద అక్షరాలని అమ్మ విప్పి చెప్పేసరికి లేచి కూర్చుంది. అప్పుడడిగాను, కాగితం అన్న మాట ఎక్కడైనా వినిపించిందా అని. లేదంది. దేన్ని పోలుస్తున్నామో అది ఉపమేయం, దేనితో పోలుస్తామో అది ఉపమానం. ఉపమేయాన్ని మింగేసి ఉపమానాన్ని మాత్రమే చెబితే రూపకాతిశయోక్తి. ఇంగ్లీషులో మెటఫర్‌లోని (మన రూపకం లాంటిదే) ఈ రెండు భాగాలకు టెనర్, వెహికల్ అన్న పేర్లు 1936లో సాహిత్య విమర్శకుడు ఐ.ఎ. రిచర్డ్స్ పెట్టాడు. మన ఆలంకారికులు వందల ఏళ్ళ ముందే సమానధర్మాన్నీ (రెంటికీ ఉన్న పోలిక) ఉపమావాచకాన్నీ ('వలె', 'లాగ' లాంటి మాట) కూడా విడదీసి, నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏదైనా లోపిస్తే లుప్తోపమ అని తేల్చారు. ఈ సంగతి పిల్లలకు గర్వంగానే చెప్పాలి, నేను చెబుతాను.

గురజాడ అప్పారావుగారి ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు "వట్టి మాటలు కట్టిపెట్టోయ్, గట్టి మేల్ తలపెట్టవోయ్" అని చదివించాను. ట్ట, ట్ట అని అదే పనిగా తగులుతుంటే అది వృత్త్యనుప్రాస. తర్వాత వేళ్ళ మీద మాత్రలు లెక్కపెట్టాం: వట్టి మూడు, మాటలు నాలుగు, కట్టి మూడు, పెట్టోయ్ నాలుగు. గురజాడ వాడిన ముత్యాలసరం ఛందస్సు నడక అదే. లఘువుకు ఒకటి, గురువుకు రెండు అని తెలిస్తే చాలు, పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

రెటారిక్‌కి, అంటే మాటలతో ఒప్పించే విద్యకి మాత్రం గిరీశాన్ని మించిన గురువు లేడు. 'కన్యాశుల్కం' 1892లో ఈ ఊళ్ళోనే తొలిసారి ఆడారు, 1897లో అచ్చయింది. తెర లేచేది కూడా ఇక్కడి బొంకులదిబ్బ దగ్గరే. ఆ మొదటి అంకం చదివి వినిపించి, వెంకటేశాన్ని గిరీశం ఎలా బుట్టలో వేస్తున్నాడో చూడమని మా అమ్మాయితో అన్నాను. ఇంగ్లీషు ముక్కలు దట్టించి తనంత తెలిసినవాడు లేడనిపించుకోవడం ఈథోస్ (చెప్పేవాడి మీద నమ్మకం) అంది. పరీక్ష తప్పి ఇంటికెళ్ళాలంటే హడలిపోతున్న కుర్రాడి భయాన్ని వాడుకోవడం పేథోస్ (వినేవాడి భావోద్వేగం) అంది. "మరి లోగోస్, అదే తర్కం?" అంటే కాసేపు ఆలోచించి, "వాడికి దాని అవసరమే రాలేదమ్మా" అంది. అరిస్టాటిల్ చెప్పిన ఆ మూడూ తను ఎప్పుడో బట్టీపట్టినవే. ఒక మనిషి నోట ఆనవాలు పట్టడం ఇదే మొదలు.

ఇప్పుడు క్లాసులో కొత్త పదం వస్తే వీడియో కాల్ చేసి అమ్మమ్మను అడుగుతోంది. మొన్న అనడిప్లోసిస్ వచ్చింది. ఒక పాదం విడిచిన మాటనే తర్వాతి పాదం అందుకుంటుంది, మనకది ముక్తపదగ్రస్తం. అలాంటి పాట ఒకటి గుర్తుచేసుకుని ఆదివారం పాడతానంది అమ్మ.