షెప్పీ చేపలు: పళ్లు అయ్యాయి, ఇక చెవిరాళ్లు

చేప శిలాజాల్లో పళ్లను, వెన్నుపూసలను వేరుచేయడం పూర్తయింది. ఇప్పుడు ఓటోలిత్‌లు, అంటే చేప లోపలి చెవిలో పెరిగే చిన్న రాళ్ల దగ్గరికి వచ్చాను.

నా దగ్గరున్నవి ఇంగ్లండ్‌లో కెంట్ తీరాన, షెప్పీ దీవిలో బయటపడే లండన్ క్లే అనే బంకమట్టి పొర నుంచి వచ్చినవి. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందటి వెచ్చని సముద్రపు బురద అది. అందులో నీపా తాటికాయలు కూడా దొరుకుతాయి. అక్కడ ఉంటున్న మా పెదనాన్నగారి అబ్బాయి, కొండచరియ నుంచి జారిపడిన బంకమట్టిని పూర్తిగా ఎండబెట్టి, నీళ్లలో నానబెట్టి, అర మిల్లీమీటరు జల్లెడలో కడుగుతాడు. మిగిలిన నలుసులనే పంపుతాడు. తడి ఉండగా నానబెడితే ఆ మట్టి విడిపోదు. తిరుపతిలో ఉండి చేప శిలాజాలు చూడాలంటే ఇదే దారి. మన తిరుమల కొండల క్వార్ట్‌జైట్ రాయి, చేపలు పుట్టకముందే ఏర్పడింది.

పళ్లలో ముందు సొరచేపవి తీసేయాలి. సొర పంటికి వేరు ఉంటుంది. ఎముక చేప పన్ను అడుగున బోలుగా ఉండి, కొన గాజులా మెరుస్తుంది. ఫిల్లోడస్ అనే అంతరించిన చేపను గుర్తుపట్టడం తేలిక: పలుచని పళ్లు అప్పడాల దొంతరలా ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పైది అరిగితే కిందిది సిద్ధం. ఎంత చూసినా తనివి తీరని అమరిక! గుండ్రని బొడిపె పళ్లు ఆల్బులా అనే చేపవి. చిన్న సూది పళ్లకు మాత్రం పేరు పెట్టను. ఎన్నో కుటుంబాల్లో అవి ఒకేలా ఉంటాయి. ఆ డబ్బాపై ‘ఎముక చేప’ అని రాస్తే చాలు.

పేరు దాకా తీసుకెళ్లేది చెవిరాయే. లోపలి ముఖం మీద ఒక గాడి ఉంటుంది. దాని ముందు భాగం ఎంత వెడల్పు, వెనక భాగం ఎటు వంగింది, అంచు దాకా తెరుచుకుందా అన్నవి చూడాలి. లాంతరు కాంతి పైనుంచి పడితే గాడి కనిపించదు. పక్కనుంచి, బాగా కిందుగా పడాలి.

పోల్చుకోవడానికి ఈనాటి చేపలు కావాలి. రవ్వ, బొచ్చె ఈ పనికి రావు, వాటిలో గాడి ఉండే ఈ ప్రధానమైన రాయి సన్నని పుల్లలా ఉంటుంది. సముద్రపు చేపల తలలే అడిగి తెచ్చుకుంటున్నాను. తలను ఉడికించి, పుర్రెను అడుగు నుంచి తెరిస్తే మెదడు కింద రెండు పక్కలా తెల్లని రాళ్లు కనిపిస్తాయి. పండుగప్పలో పెద్దవి, వంజరం అంత చేపలో మాత్రం చాలా చిన్నవి. నిమ్మరసం, వెనిగర్ తగలనివ్వకండి, రాయిలోని అరగోనైట్ అనే సున్నపు ఖనిజం కరిగిపోతుంది.

షెప్పీ నలుసుల్లో పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఎక్కువ. నవంబరు వానల్లో అది పొడి అయిపోకుండా గట్టి మూత డబ్బాల్లో సిలికా జెల్ వేసి ఉంచాను.

ఇంకా తేలనిది ఒకటుంది: గాడే లేని, ఉబ్బెత్తుగా ఉన్న గుండ్రని రాయి. సముద్రపు జెల్లల్లో గాడి ఉండే జత కాక వేరే జత చెవిరాళ్లు పెద్దవిగా పెరుగుతాయి కనుక అటువైపే నా అనుమానం. ఆదివారం జెల్ల తల తెచ్చి పక్కపక్కన పెట్టి చూస్తాను.