ఆదిశేషుడి మీదుగా

రేణిగుంట నుంచి శంషాబాద్‌కి విమానంలో గంటా పది నిమిషాలు. అమ్మ మోకాళ్లు రాత్రంతా రైల్లో ఓర్చుకోలేవని ఆ లెక్క నమ్మి టికెట్లు తీసుకున్నాను. ఇద్దరికీ 9,600. చిత్తూరు నుంచి రేణిగుంటకి కారుకి ఇంకో 2,500.

ఉదయం 9కి ఇల్లు వదిలితే కూకట్‌పల్లిలో తలుపు తీసేసరికి సాయంత్రం 5 దాటింది. ఫ్లైట్ ముప్పావుగంట లేటు, ఎందుకో చెప్పేవాళ్లు లేరు. ఆ చల్లటి స్టీలు కుర్చీలో అమ్మ మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

ఎక్కాక మాత్రం అంతా మర్చిపోయాను. ఫ్యాన్ రెక్కలు తిరిగే చిన్న ఏటీఆర్ అది. సగం మంది దగ్గర లడ్డూ సంచులే. తలుపు మూసేసరికి లోపలంతా నెయ్యి, పచ్చకర్పూరం వాసన. ఈ రకం విమానానికి రెక్క కిటికీ పైన ఉంటుంది కాబట్టి కింద నేలంతా అడ్డం లేకుండా కనపడుతుంది. అమ్మని ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చోబెట్టాను.

లేచిన కాసేపటికే శేషాచలం కొండలు కనిపించాయి. అమ్మ కిటికీలోంచే దండం పెట్టుకుంది. ఆ తర్వాత అడిగింది:

"ఏమ్రా, ఈ కొండలు ఆగవా? పోతానే ఉండాయే!"

నిజమే. అడవి, కొండ, మళ్లీ అడవి. మా వైపు చిన్నప్పటి నుంచీ వినే మాటే: ఆదిశేషుడి తల తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం. అన్నేళ్లూ కథగానే విన్నాను. ఆ రోజు కిటికీలోంచి వంకర్లు తిరిగి ఉత్తరానికి పోతున్న ఆ కొండల వరస చూస్తే, ఎవరు ఏ గుట్ట ఎక్కి చూసి ఆ మాట అన్నారో అనిపించింది. మేఘాల సందులో ఒకచోట లోయ, అందులో నీళ్లు మెరిశాయి. కృష్ణమ్మే అయ్యుండాలి. ఇంటికొచ్చాక మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీశాను. రేణిగుంట నుంచి శంషాబాద్‌కి తిన్నగా 420 కిలోమీటర్లు, ఆ గీత దాదాపు శ్రీశైలం పక్కనుంచే పోతోంది.

రోడ్డు మీదైతే 560 దాకా ఉంటుంది. మా వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ రైలు కడప, గుత్తి, డోన్, కర్నూలు అంటూ పడమటి నుంచి చుట్టు తిరిగి పోతుంది. నల్లమలని దాటడం కంటే చుట్టి రావడమే దానికి దారి. సాయంత్రం చిత్తూరులో ఎక్కి, తెల్లారి కాచిగూడలో దిగేవాళ్లం. అమ్మకి హైదరాబాద్ దూరమంటే అన్నేళ్లూ ఆ రాత్రే. గుత్తిలో మెలకువ వస్తే ఇంకా సగం ఉందని మళ్లీ పడుకునేది. ఇప్పుడు కింద గుత్తి కనపడుతుందేమోనని చాలాసేపు వెతికింది. అది ఈ దారిలో లేదని చెబితే ముఖం చిన్నబోయింది.

దిగుతున్నామని అనౌన్స్ చేస్తే నమ్మలేదు. "అప్పుడే వచ్చేసినామా? నేనింకా సరిగ్గా చూడనే లేదు" అంది.

శంషాబాద్ నుంచి ఇంటికి ట్రాఫిక్‌లో గంటన్నర. అమ్మ సగం దారి నిద్రపోయింది. గచ్చిబౌలి దగ్గర కళ్లు తెరిచి అడిగింది.

"పోయేటప్పుడు కొండలు యా పక్క వస్తాయి?"

"కుడి పక్కమ్మా."

"అయితే ఆ పక్కే తీసుకో నాయనా."