తండ్రి కంటే రెండేళ్ళు పెద్దవాడైన కొడుకు

మా ఊరి సంఘంలో వేసవి సెలవుల్లో పిల్లలకు బైబిల్ క్విజ్ పెట్టేవారు. నేను ఆరో తరగతి పూర్తి చేసిన ఏడు నా వంతుకు వచ్చిన ప్రశ్న ఇది: యూదా రాజైన అహజ్యా ఏలనారంభించినప్పుడు అతని వయసెంత? రాజులు రెండవ గ్రంథం ఎనిమిదో అధ్యాయం కంఠతా పట్టి వెళ్ళాను కనుక తడుముకోకుండా ఇరవై రెండు అన్నాను. ప్రశ్నలడుగుతున్న పెద్దాయన చేతిలోని కాగితం మీద నలభై రెండు అని ఉంది. "తప్పమ్మా, కూర్చో" అన్నారు. "రాజుల గ్రంథంలో ఇరవై రెండనే ఉందండీ, అయ్యగారూ" అంటూ నేను కూర్చోలేదు. ఆయన దినవృత్తాంతములు రెండవ గ్రంథం తీసి, ఇరవై రెండో అధ్యాయం రెండో వచనం పైకి చదివారు. అక్కడ నిజంగానే నలభై రెండని ఉంది. ఇద్దరం చదివింది ఒకే పుస్తకం, ఇద్దరం చెప్పింది ఒకే రాజు గురించి. బహుమతి మాత్రం ఇంకో పిల్లకు వెళ్ళింది.

ఇంటికొచ్చి నాయనమ్మ దగ్గర ఏడ్చాను. ఆవిడ తన పెద్దక్షరాల బైబిల్ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, అహజ్యాను వదిలేసి ముందు అతని తండ్రి సంగతి చూసింది. తండ్రి యెహోరాము ముప్పై రెండో ఏట రాజై, ఎనిమిదేళ్ళు ఏలి చనిపోయాడు; అంటే పోయేనాటికి నలభై ఏళ్ళవాడు. అతను పోగానే గద్దెనెక్కిన కొడుక్కి నలభై రెండేళ్ళు! పైగా అహజ్యా పెద్ద కొడుకు కూడా కాదు. దండెత్తి వచ్చినవాళ్ళు అన్నలందరినీ చంపేస్తే మిగిలిన కడసారపువాడని ఆ అధ్యాయం మొదటి వచనమే చెబుతోంది. తండ్రికన్నా రెండేళ్ళు పెద్దవాడైన ఈ కడగొట్టు కొడుకును తలుచుకుని నాయనమ్మ కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. జీవితంలో ఒక్క ఆదివారం కూడా ఆరాధన మానని మనిషి ఆవిడ. నవ్వు ఆగాక పెన్సిల్ తీసి, నలభై రెండు పక్కన మార్జిన్లో "తండ్రి 40" అని రాసుకుంది. బైబిల్లో పొరపాటును చూసి నవ్వడం పాపం కాదని నాకు తెలిసింది ఆ రాత్రే.

ఆ నలభై రెండును నేను పెద్ద విషయంగా తీసుకోను. అచ్చు యంత్రాలు లేని రోజుల్లో శతాబ్దాల పాటు చేత్తో ఎత్తిరాసిన పుస్తకంలో అంకె ఒకటి మారడం వింత కాదు. ప్రాచీన సిరియాక్ అనువాదంలో అక్కడ ఇరవై రెండే ఉంది. కొన్ని ఆధునిక ఇంగ్లీషు అనువాదాలు పాఠంలో ఇరవై రెండు వేసి, హీబ్రూలో నలభై రెండు ఉందని అడుగున చెబుతాయి. అది నిజాయితీ గల పద్ధతి. గొల్యాతు విషయంలోనూ ఇలాంటి సవరణే జరిగింది. అతన్ని దావీదు చంపాడని మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు గానీ, సమూయేలు రెండవ గ్రంథం 21వ అధ్యాయం హీబ్రూ పాఠం ప్రకారం గొల్యాతును చంపినవాడు బేత్లెహేమువాడైన ఎల్హానాను. దినవృత్తాంతముల రచయిత ఎల్హానాను చంపింది గొల్యాతు సోదరుడైన లహ్మీని అని రాశాడు. దాన్నిబట్టి కింగ్ జేమ్స్ అనువాదకులు సమూయేలు వచనంలోకి కూడా "సోదరుని" అన్న మాటను తెచ్చి చేర్చి, అది మూలంలో లేదని తెలిసేలా వేరే అచ్చులో వేశారు. అచ్చులోని ఆ తేడాను గమనించకుండా చదువుకుపోయేవారికి ఇక్కడ వైరుధ్యమే కనబడదు.

నన్ను ఇన్నేళ్ళుగా పట్టి ఉంచిన వైరుధ్యం ఇంకొకటి ఉంది. ఎత్తిరాసేవాడి చెయ్యి జారిందని దాన్ని దాటెయ్యడానికి వీల్లేదు. అది దావీదు జనాభా లెక్క. సమూయేలు రెండవ గ్రంథం 24వ అధ్యాయం తెరిస్తే, యెహోవా కోపం ఇశ్రాయేలు మీద రగులుకుని, ఆయనే దావీదును ప్రేరేపించి జనాన్ని లెక్కపెట్టమన్నాడని ఉంటుంది. దినవృత్తాంతములు మొదటి గ్రంథం 21వ అధ్యాయం తెరిస్తే, ఇశ్రాయేలుకు విరోధంగా లేచి దావీదును ప్రేరేపించినవాడు సాతాను. హీబ్రూలో రెండు చోట్లా "ప్రేరేపించు" అనే క్రియ ఒకటే, కథ ఒకటే, రాజు ఒకడే; మారినది కర్త. దేవుడే ఒక మనిషిని తప్పుకు పురికొల్పి, ఆ తప్పుకే శిక్షించాడంటే తర్వాతి కాలంలో దినవృత్తాంతములు రాసినవాడికి మనసొప్పలేదనీ, అందుకే ఆ పని సాతానుకు అప్పగించాడనీ చాలామంది పండితులు అంటారు. నాకూ అదే సబబుగా తోస్తుంది. దేవుడు అనుమతించాడు, సాతాను చేయించాడు అని రెంటినీ కలిపి చెప్పే వివరణను ఎన్నో ప్రసంగాల్లో విన్నాను. ఆ వివరణలోని కథ సమూయేలులోనూ లేదు, దినవృత్తాంతాల్లోనూ లేదు. ఇద్దరు రచయితల నోళ్ళూ మూయించి మనం రాసుకున్న మూడో కథ అది.

అంకెల సంగతికొస్తే, తొమ్మిది నెలల ఇరవై రోజులు తిరిగి దావీదు సేనాధిపతి యోవాబు తెచ్చిన లెక్క సమూయేలులో ఇశ్రాయేలుకు 8 లక్షలు, యూదాకు 5 లక్షలు; దినవృత్తాంతాల్లో 11 లక్షలు, 4,70,000. జనాన్ని లెక్కపెట్టిన తప్పుకు శిక్షగా ఎంచుకోమని దేవుడు ముందుంచిన వాటిలో కరువు ఒకచోట ఏడేళ్ళు, ఇంకొకచోట మూడేళ్ళు. చివరికి వచ్చిన శిక్ష తెగులు. అది ఆగిన చోట బలిపీఠం కట్టడానికి దావీదు కొన్న కళ్ళం యజమాని ఒకచోట అరౌనా, ఇంకొకచోట ఒర్నాను. ధర ఒకచోట ఎద్దులతో సహా 50 తులాల వెండి, ఇంకొకచోట ఆ స్థలానికి 600 తులాల బంగారం. గోత్రానికి యాభై చొప్పున పన్నెండు గోత్రాలకూ వేసుకుంటే ఆరువందలని పూర్వపు యూదు రబ్బీలు లెక్క కుదిర్చారు. వారి గుణకారం నాకు ఎంతో ఇష్టం, కానీ వెండి బంగారం ఎలా అయిందో అది చెప్పదు. ఆ కళ్ళం ఉన్న చోటే సొలొమోను మందిరం కట్టాడని దినవృత్తాంతముల రచయిత స్వయంగా చెబుతాడు. అంతటి మందిరానికి చోటు యాభై వెండి తులాలకు వచ్చిందని రాయడానికి అతనికి మనసు రాలేదని నేననుకుంటాను. పెళ్ళి కబుర్లు చెప్పేటప్పుడు మనవాళ్ళు కట్నకానుకల లెక్క పెంచి చెప్పినట్టే, ప్రేమ ఉన్నచోట అంకె పెరుగుతుంది.

అన్ని తేడాలనూ ఆ రచయిత తలకే చుట్టడం మాత్రం న్యాయం కాదు. మృత సముద్రం ఒడ్డున కుమ్రానులో 1952లో బయటపడిన నాలుగో గుహలో సమూయేలు గ్రంథపు పాత ప్రతి ముక్కలు దొరికాయి. భూమికీ ఆకాశానికీ మధ్య కత్తి దూసి నిలబడిన దేవదూత దృశ్యం మనకు సంప్రదాయంగా వచ్చిన సమూయేలులో లేదు, దినవృత్తాంతాల్లో ఉంది. ఆ ముక్కల్లోనూ ఉంది. అంటే దినవృత్తాంతముల రచయిత ముందున్న సమూయేలు ప్రతి మన చేతిలోని ప్రతి లాంటిది కాకపోవచ్చు. ఒక్క అక్షరమూ మారకుండా వచ్చిన పుస్తకమని బల్లగుద్ది చెప్పేవారు ఆ తోలుముక్కలను ఒకసారి తలుచుకోవాలని నా కోరిక.

ప్రేరేపించింది ఎవరు, లెక్క తేలింది ఎంత, కరువు ఎన్నేళ్ళు, ధర ఎంత అన్న వాటిలో ఎక్కడా కుదరని ఈ రెండు గ్రంథాలూ ఒక అంకె దగ్గర మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తాయి. తెగులులో చచ్చిపోయినవారు 70,000 మంది. లెక్క వేయించినది రాజు, వద్దని అడ్డు చెప్పినవాడు యోవాబు, పోయినవారు ఈ రెంటిలోనూ పాలులేనివారు. వైరుధ్యాల గురించి వాదించే మిత్రులు రెండు వైపులా ఈ అంకెను దాటుకుని ధర దగ్గరికి వెళ్ళిపోతుంటే నాకు బాధ కలుగుతుంది.

నాయనమ్మ పోయాక ఆ బైబిల్ నా దగ్గరికి వచ్చింది. "తండ్రి 40" అన్న పెన్సిల్ రాత మాసిపోయినా ఇంకా కనబడుతుంది. సమూయేలు 24వ అధ్యాయంలో ఏడేళ్ళ దగ్గర గానీ యాభై తులాల దగ్గర గానీ ఆవిడ గీత ఏదీ పెట్టలేదు. గీత ఉన్నది పదిహేడో వచనం కింద. పాపం చేసింది నేను, గొర్రెల్లాంటి ఈ జనం ఏం చేశారని దావీదు దేవుణ్ణి అడిగే వచనం అది. దినవృత్తాంతాల్లోనూ అదే ప్రశ్న ఉంది, అక్కడా ఆవిడ గీత ఉంది. రెండు చోట్లా ఆ ప్రశ్నకు జవాబు రాదు. తర్వాతి వచనంలో గాదు ప్రవక్త మాట వస్తుంది, కళ్ళంలో బలిపీఠం కట్టమని.