ముఖం మీద గాలి తగిలితే

మొదటిసారి వచ్చింది 2019 సంక్రాంతి ముందు, పళ్ళు తోముకుంటుంటే. కుడి దవడలో కరెంటు తీగ తగిలినట్టు ఒక్క షాక్. రెండు మూడు సెకన్లే, కానీ బ్రష్ చేతిలోంచి జారిపోయింది. పన్ను నొప్పి అనుకుని తెనాలిలోనే డెంటిస్టుకు చూపించుకున్నాను. రూట్ కెనాల్ చేశారు, తగ్గలేదు. ఆ పన్ను తీసేశారు, తగ్గలేదు. పక్క పన్ను కూడా పోయాక గానీ నొప్పి పన్నులో లేదని తేలలేదు. ఈ జబ్బున్నవాళ్ళలో చాలామంది ఇలాగే పళ్ళు పోగొట్టుకుంటారని తర్వాత తెలిసింది.

గుంటూరులో న్యూరాలజిస్టు నేను చెప్పింది ఐదు నిమిషాలు విని ట్రైజెమినల్ న్యూరాల్జియా అన్నారు. ముఖానికి స్పర్శ తెలిపే నరాన్ని మెదడు మొదట్లో ఒక రక్తనాళం ఒరుసుకుంటూ ఉంటుందట. ఆ ఒరిపిడికి నరం పైపొర దెబ్బతిని, గాలి తగిలినా, ముద్ద నమిలినా నొప్పి పుడుతుందట. కార్బమజెపిన్ రాశారు. మూడో రోజుకే నొప్పి సగం తగ్గితే ఏడుపొచ్చింది.

కానీ రోజుకు 200 మిల్లీగ్రాములతో మొదలైన మాత్ర మూడేళ్ళలో 1000కి చేరింది. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. బోర్డు మీద అక్షరాలు రెండేసి కనపడేవి, మెట్లు దిగుతుంటే తూలేదాన్ని. ఒకరోజు పొంతన లేకుండా మాట్లాడుతున్నానని మావారు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రక్తంలో సోడియం 122కు పడిపోయింది. 135 కంటే తగ్గకూడదు. ఈ మాత్ర అలా చేస్తుందట. నాలుగు రోజులు అక్కడే ఉన్నాను. మందు తగ్గించగానే నొప్పి తిరగబడింది.

ఇక వేరే దారి చూడాలన్నారు డాక్టరు. ఏమేం ఉన్నాయో ఓపిగ్గా చెప్పారు కూడా. నాకు మాత్రం 'తల తెరవడం' అన్న మాట తప్ప ఏదీ బుర్రకెక్కలేదు. ఇంటికొచ్చాక చుట్టాలు తలో సలహా ఇచ్చారు. వాళ్ళకి ప్రేమే, కానీ ఆ నొప్పి ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియదు కదా.

నేను అక్క అని పిలిచే ఆవిడను మొదట చూసింది ఓపీలోనే. పైన ఫ్యాన్ తిరుగుతోంది. రేపల్లె నుంచి వచ్చిన ఆవిడ పైట కొంగును ఎడమ చెంపకు తగలనివ్వకుండా, గాలికి అడ్డంగా పట్టుకుని కూర్చుంది. నేను కుడివైపు చున్నీ అలాగే పట్టుకుని ఉన్నాను. "నీకూ ఇదేనా అమ్మాయ్?" అంది. అంతే, నా నంబరు వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం.

అక్క ద్వారా ఒంగోలులో ఉండే బాబాయి గారు పరిచయమయ్యారు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ముగ్గురం ఫోన్లో కలిసేవాళ్ళం. మాట్లాడినా షాక్ కొట్టే జబ్బు కాబట్టి, ఆ రోజు బాగాలేనివాళ్ళు ఊరికే వింటే చాలనుకున్నాం. ఫలానాది చేయించుకో అని ఎవరూ ఎవరికీ చెప్పకూడదని బాబాయి గారు మొదటి రోజే అన్నారు. మాత్ర మాత్రం డాక్టరుకు చెప్పకుండా ఉన్నట్టుండి ఆపొద్దని ప్రతి వారం గుర్తుచేసేవారు.

అక్కకు అంతకుముందే ఒకసారి చెంపలోంచి సూది పంపి నరాన్ని వేడితో కాల్చే చికిత్స చేశారు. నొప్పి వెంటనే పోయి, కొన్నేళ్ళకు మళ్ళీ మొదలైంది. 'తిమ్మిరి ఉంటుంది' అని డాక్టరు చెప్పినప్పుడు నేను తేలిగ్గా తీసుకున్నాను. అదెలా ఉంటుందో అక్క చెబితే తెలిసింది. కాఫీ పెదవి చివర నుంచి కారుతున్నా తెలియదట. ఆ కంట్లో నలుసు పడినా తెలియదు కాబట్టి చుక్కలు వేసుకోవాలి, అద్దాలు పెట్టుకోవాలి. "ఆ నొప్పితో పోలిస్తే ఇదెంత! కాకపోతే ముందే తెలిస్తే బాగుండేది" అంది.

బాబాయి గారిది ఆపరేషన్. చెవి వెనక ఎముకలో చిన్న కిటికీలా తెరిచి, రక్తనాళానికీ నరానికీ మధ్య టెఫ్లాన్ మెత్త పెడతారు. నొప్పి పోయింది, ఆ వైపు వినికిడి కొంత తగ్గింది. "చెవి ఇచ్చి దవడ కొనుక్కున్నానమ్మా" అనేవారు. రేడియేషన్ కిరణాలను నరం మీదకు గురిపెట్టే గామా నైఫ్ చికిత్స కూడా ఉంది. కోత ఉండదు, గుండె జబ్బున్నవాళ్ళకీ పెద్ద వయసువాళ్ళకీ మంచి దారే. కానీ గుణం కనపడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నా సోడియం అన్నాళ్ళు ఆగేలా లేదు.

హైదరాబాదులో సర్జన్ దగ్గరికి ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళాను. ఎంఆర్‌ఐలో రక్తనాళం నరానికి ఆనుకోవడం కనపడుతోందా? మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? చెవి పోయే అవకాశం ఎంత? నొప్పి తిరిగొస్తే అప్పుడేంటి? ఈ చివరిది అక్క రాయించింది. ఆయన విసుక్కోలేదు, స్క్రీన్ నావైపు తిప్పి ఆ ఒరిపిడి చూపించారు. అందరికీ శాశ్వతంగా తగ్గదని, కొందరికి తిరిగొస్తుందని కూడా దాచకుండా చెప్పారు. నా వయసు 46, వేరే జబ్బుల్లేవు. ఆపరేషనే అనుకున్నాను.

2022 జూన్‌లో అయింది. రెండు రోజులు వాంతులు, తల దిమ్ము. మూడో రోజు వేలితో చెంప ముట్టుకున్నాను. వేలు తగిలింది, అంతే. మాత్ర ఆరు వారాల్లో మెల్లగా తగ్గించారు. కుడి చెవిలో సన్నటి హోరు ఇప్పటికీ ఉంది.

ఇంటికొచ్చాక మొదటి ఆదివారం ఫోన్ చేస్తే, "నమిలే చప్పుడు వినిపించు అమ్మాయ్" అంది అక్క. గట్టి చేగోడీ తీసుకుని, పళ్ళు పోయిన ఖాళీ వెనకగా, కుడివైపే పెట్టుకుని కొరికాను. అవతల కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత బాబాయి గారు, "ఇంకోటి తినమ్మా" అన్నారు.