ఒకే ట్రేలో చికెన్, ఆకురాలు కాలపు కూరగాయలు

గుమ్మడి, చిలగడదుంప, క్యారెట్, బీట్‌రూట్. శరదృతువులో చేతికొచ్చే ఈ కూరగాయలన్నీ గట్టివే, అన్నిటిలోనూ తీపి ఉంది. నీళ్లలో ఉడికిస్తే మెత్తబడతాయి, అంతే. పొడి వేడికి అంచులు కాలితేనే ఆ తీపి బయటికొస్తుంది. ఆ వేడిలోనే చికెన్ కూడా పెట్టి, రాత్రి భోజనమంతా ఒక్క ట్రేలో వండాలనుకున్నాను.

ఒకే ట్రే అంటే పని తేలిక అనుకుంటాం గానీ, తేలికయ్యేది గిన్నెలు తోమడమే. ఒక్కో కూరగాయ ఒక్కో సమయానికి ఉడుకుతుంది, మాంసం లెక్క మళ్లీ వేరు. అన్నీ ఒకేసారి తయారవ్వాలంటే ఆ తేడాలు ముందే సరిచేసుకోవాలి. అది చాలావరకు కత్తితోనే జరుగుతుంది.

చికెన్‌లో నేను ఎంచుకున్నవి ఎముకతో, స్కిన్‌తో ఉన్న తొడ ముక్కలు. బ్రెస్ట్ ముక్క ఇంత వేడిలో ఇంతసేపు ఉంటే ఎండిపోతుంది. తొడ అలా కాదు. లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కి చేరితే తినడానికి భయం లేదు. కానీ తొడలో ఉండే కొలాజెన్ (మాంసాన్ని గట్టిగా పట్టి ఉంచే పదార్థం) కరిగి మెత్తటి జెలటిన్‌గా మారాలంటే ఇంకాస్త వేడి కావాలి. అందుకే నేను 80 దాటేదాకా ఆగుతాను. మాంసం అప్పుడే ఎముక నుంచి సులువుగా విడివడుతుంది.

ముందురోజు రాత్రే కిలో చికెన్‌కి సుమారు 10 గ్రాముల లెక్కన ఉప్పు పట్టించి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అరలో ఉంచాను. దాని నీరు వేరే వాటిమీద కారకూడదు కదా. ఉప్పు లోపలిదాకా దిగుతుంది, పైన స్కిన్ ఆరిపోతుంది. స్కిన్ ఎంత పొడిగా ఉంటే అంత కరకరలాడుతుంది. ముక్కల్ని కుళాయి కింద కడగలేదు. కడిగితే సూక్ష్మక్రిములు పోవు, తుంపర్లతో పాటు సింకంతా, చుట్టుపక్కలంతా పాకుతాయి. పేపర్ టవల్‌తో గట్టిగా అద్దితే సరిపోతుంది.

ఇక కోయడం. బీట్‌రూట్ అన్నిటికన్నా మొండిది, దాన్ని ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలు చేశాను. క్యారెట్ రెండు, చిలగడదుంప రెండున్నర. తొందరగా మెత్తబడే గుమ్మడి మాత్రం నాలుగు సెంటీమీటర్ల పెద్ద ముక్కలే. ఉల్లిపాయని వేరు కొస ఉంచి నిలువుగా కోస్తే రేకలు విడిపోయి మాడవు. వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే వేశాను, లోపల వెన్నలా మగ్గుతాయి. అన్నిటికీ నూనె, ఉప్పు, మిరియాల పొడి పట్టించాను. బీట్‌రూట్‌ని విడిగా కలిపి ఒక మూలకి సర్దాను, లేకపోతే ట్రే అంతా ఎర్రబడుతుంది.

అన్నిటికన్నా నేను పట్టుబట్టేది ఖాళీ దగ్గర. ముక్కలు కిక్కిరిస్తే వాటి నీటి ఆవిరికి బయటికి దారి దొరకదు. పైతడి పోనంతవరకు ముక్క ఉపరితలం 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రగా కాలడం చురుగ్గా సాగేది 140 డిగ్రీల ప్రాంతంలో. 1912లో లూయీ కామీ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించిన చర్య అది, అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి ఆ రంగునీ వాసననీ పుట్టిస్తాయి. అందుకే నాలుగు తొడ ముక్కలకి కూరగాయలు ముప్పావు కిలోకి మించనివ్వలేదు. ట్రే కూడా అంచులు పొట్టిగా ఉన్న వెడల్పాటి లోహపు ట్రే.

ఓవెన్ 220 డిగ్రీలకి పూర్తిగా వేడెక్కాక, స్కిన్ పైకి ఉండేలా చికెన్ సర్ది లోపల పెట్టాను. 25 నిమిషాలకి తీసి చూస్తే స్కిన్‌లోని కొవ్వు కరిగి ట్రేలోకి దిగింది. ఈ వంటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఆ కొవ్వులో కూరగాయల్ని అటూ ఇటూ తిప్పుతుంటే ఇక వేరే మసాలా ఎందుకనిపిస్తుంది. చికెన్‌ని మాత్రం కదపలేదు. యాపిల్ ముక్కలు, థైమ్ రెమ్మలు అప్పుడే వేశాను, మొదటినుంచీ ఉంటే యాపిల్ గుజ్జయిపోతుంది, ఆకు మాడుతుంది.

ఇంకో 18 నిమిషాలు పట్టింది. థర్మామీటర్‌ని ఎముకకి తగలకుండా తొడ మందంగా ఉన్నచోట గుచ్చితే 83 చూపించింది. చికెన్‌ని పళ్లెంలోకి తీసి పది నిమిషాలు వదిలేశాను. బీట్‌రూట్‌కి ఇంకాస్త రంగు రావాలనిపించి కూరగాయల్ని ఆ కాసేపూ మళ్లీ లోపలికి తోశాను.

కూరగాయలు తీశాక ట్రేకి అంటుకున్న ఎర్రటి పొరని వదులుకోకూడదు. అరగ్లాసు వేడినీళ్లు పోసి (చన్నీళ్లయితే వేడి ట్రే వంగిపోవచ్చు) చెక్క గరిటెతో గీకి, నిమ్మరసం పిండాను. చికెన్‌లో ఉప్పు ముందే ఉంది కాబట్టి రుచి చూసి ఊరుకున్నాను. ఆ రసాన్ని కూరగాయల మీద పోసుకోవాలి. స్కిన్ మీద పోస్తే కరకర అంతా పోతుంది.

అన్నిటికన్నా ముందు గుమ్మడి అయిపోయింది. ఇంకా కావాలన్నారు. ఈసారి ఎక్కువే కోస్తాను గానీ ఆ ట్రేలో ఇరికించను, రెండో ట్రే పెడతాను.