పాలు లేవన్నారు, కట్టుకుపోయాయి

"పాలు పడలేదమ్మా, డబ్బాపాలు పట్టించేయండి." సిజేరియన్ వార్డులో రాత్రి డ్యూటీ సిస్టర్ అలా అనేసి వెళ్లిపోయింది. అప్పటికి నా రొమ్ములు రెండూ బిగిసిపోయి, చర్మం సాగి మెరుస్తోంది. జాకెట్టు తగిలినా ఓర్చుకోలేకపోతున్నాను. పాలు లేక కాదు, ఉన్నవి బయటికి రాక. పచ్చి బాలింతతో చూడకుండానే అంత మాట అన్నందుకు నాకు ఇప్పటికీ కోపమే.

కాన్పయిన మూడో రోజుకో, ఐదో రోజులోపో పాలు ఒక్కసారిగా పడతాయి. రొమ్ముకు రక్తం ఎక్కువగా చేరి, వాపూ వస్తుంది. ఆపరేషన్‌లో సెలైన్ బాగా ఎక్కినవాళ్లకు ఆ వాపు మరీ ఎక్కువ. చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం రాయిలా గట్టిపడి, మొన చదునైపోతుంది. పాపకి పట్టు దొరకదు. ఆకలికి ఏడుస్తుంది. ఇంట్లోవాళ్లేమో పాలు చాలట్లేదంటారు.

ఆ రాత్రి పాప ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోతుంటే పెద్దమ్మ తల్లికి మొక్కుకున్నాను. తెల్లవారుజామున వచ్చిన పెద్ద సిస్టర్ నన్ను వెల్లకిలా పడుకోబెట్టింది. రెండు చేతుల వేళ్లనూ చనుమొన మొదట్లో అటూ ఇటూ ఆనించి, ఛాతీ వైపుకు మెల్లగా ఒత్తి నిమిషంసేపు అలాగే ఉంచింది. తర్వాత వేళ్లు పైకీ కిందికీ మార్చి మళ్లీ ఒత్తింది. నొప్పి పుట్టేంత ఒత్తకూడదు, గోళ్లు తగలకూడదు. వాపు నీరు వెనక్కి తగ్గి మొన చుట్టూ మెత్తబడింది. నాలుగు చుక్కలు చేత్తో పిండి పాపని పెట్టింది. దవడ కదిలింది, గుటక వినపడింది. ఆవిడకి జన్మంతా రుణపడి ఉంటాను.

మొన మెత్తబడకుండా పాలు తీసే పంపు పెడితే వాపు ఇంకా అక్కడికే చేరుతుంది. పూర్తిగా ఖాళీ చేద్దామని పిండితే పాలు ఇంకా ఎక్కువ పడతాయి. హాయి అనిపించేవరకు పిండి ఆపేయాలి. పాపకి రోజుకి 8 నుంచి 12 సార్లు పట్టాలి, రాత్రిళ్లు కూడా. ఇంట్లో వేడినీళ్ల కాపడం పెడతామంటారు. పాలిచ్చే ముందు రెండు నిమిషాలు గోరువెచ్చటి గుడ్డ చాలు, ఎక్కువసేపు పెడితే వాపు పెరుగుతుంది. పాలిచ్చాక ఐసు గుడ్డలో చుట్టి 10-15 నిమిషాలు పెట్టుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టిన క్యాబేజీ ఆకులు కూడా హాయినిస్తాయి, వాపు తగ్గగానే తీసేయాలి. మాలిష్ చేసే ఆయమ్మ పాపకి ఎంత చక్కగా నలుగుపెట్టి నీళ్లు పోసినా సరే, గడ్డ కరిగిస్తానని రొమ్ము మీద చెయ్యి వేయనివ్వకండి. గట్టిగా పిసికితే లోపలి కణజాలం దెబ్బతిని వాపు పెరుగుతుంది. పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు తగ్గించడం దండగ, అందులోనూ ఈ హైదరాబాద్ ఎండల్లో. పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలోనైతే నాలుగు గంటలుంటాయి. మే నెలలో మన ఇళ్లలో అంత చల్లదనం ఎక్కడిది, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

నొప్పికి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ పాలిచ్చే తల్లులు వాడొచ్చు, మోతాదు డాక్టర్ని అడగండి. ఒకవైపే ఎర్రగా కమిలి, చలితో 101 దాటి జ్వరం వస్తే మాత్రం ఇంటి వైద్యంతో కాలక్షేపం చేయొద్దు. యాంటీబయాటిక్ అవసరం కావచ్చు. వాడుతున్నా గడ్డ తగ్గకపోతే చీము పట్టిందేమో స్కాన్ తీయించాలి. జ్వరం వచ్చిందని పాలు మాన్పిస్తే రొమ్ము మరింత కట్టుకుపోతుంది, అందుకే ఆసుపత్రికి పాపని కూడా తీసుకెళ్లండి, ఓపీ లైన్లో కూర్చున్నా సరే పాపకి ఆకలైనప్పుడల్లా పాలివ్వండి.